దోమ దూరని బాన

పొగ!

తెల్లగా, చిక్కగా, డీజిల్ కంపు కొడుతూ... సందు నిండా పొగ!

ఆ పొగలోంచి ఒకడు పరుగెడుతున్నాడు. వాడి భుజానికి దోమల పొగ కొట్టే మెషిన్ వేలాడుతోంది. ఈ కమగ్వే ఊరి జనం దాన్ని బజూకా అంటారు. ఆ బరువుకి వాడి భుజం ఒరుసుకుపోతోంది. అయినా వదలడు!

వాడి వెనక లెఫ్టినెంట్ ఇదాల్మిస్.

"ఆగరా! పోలీస్!"

వాడు ఆగడు.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆమె ఈ కేక వేస్తూనే ఉంది. ఇంతవరకూ ఒక్క వెధవ ఆగిన పాపాన పోలేదు.

పొద్దు గూకుతోంది. సందుకి రెండు వైపులా కుర్చీలు, కుర్చీల్లో జనం. పొగ కొట్టిన రోజు ముప్పావు గంటసేపు ఎవరూ ఇళ్ళల్లోకి పోకూడదు. అందుకని వీధి వీధంతా బయట కూర్చుని, కాఫీ తాగుతూ, పక్కింటి పరువు తీస్తూ ఉంటుంది. ఇవాళ వాళ్ళకి టికెట్టు లేని సినిమా కూడా దొరికింది.

"అటు కాదు లెఫ్టినెంటమ్మా... ఇటు! ఇటు!"

"ఏం పరుగే అది? మా మామ్మ నయం!"

"నేను బజూకావాడి మీద పందెం! ఎవరు కాస్తారు?"

కాలు అడ్డం పెట్టేవాడు ఒక్కడు లేడు. అందరికీ నోళ్ళే ఉన్నాయి!

ఇదాల్మిస్ పళ్ళు కొరుక్కుంటూ పరుగు పెంచింది.

ఆ మెషిన్ ట్యాంకులో ఏదో ఉంది. ఉండి తీరాలి. ఉత్త మెషిన్ అయితే వీడు ఈపాటికి ఏ కాలవలోనో పారేసేవాడు.

దోమల డాక్టర్ బారెతో గారి మైక్రోస్కోప్!

సాయంత్రం దాకా అది మ్యూజియంలో గాజు పెట్టెలో భద్రంగా ఉంది. పొగ పెట్టారు. పొగ తగ్గింది. చూస్తే గాజు పెట్టె ఖాళీ!

దానికి కాపలా ఉండే ముసలాయన కూడా లేడు.

ఆ ముసలాయన పేరు లియోవిహిల్దో. ఇదాల్మిస్‌కి నాన్న.

"మీ నాన్నే తీశాడు" అని మ్యూజియం డైరెక్టర్ నోటితో అనలేదు. కళ్ళతో అన్నాడు. నోటితో అని ఉంటే ఆమెకి ఇంత మండేది కాదు. అంతలోనే ఆయన వేలు పొగ మెషిన్ వాడి మీదకి తిరిగింది. "వాడు! వాడి వాలకం చూడండి!" అన్నాడు. ఆ మాట వినపడగానే వాడు పరుగు లంకించుకున్నాడు.

వాణ్ని పట్టుకుంటే నాన్న దొంగ కాడు. అంతే ఇప్పుడు ఆమెకి కావలసింది.

వాడు మూల తిరిగాడు... ఎడమకి!

ఇదాల్మిస్ పరుగు ఆపేసింది.

నడుస్తోంది. తాపీగా. జుట్టు సర్దుకుంటూ.

సముద్రపు దొంగల్ని తికమక పెట్టడానికే ఈ ఊళ్ళో సందులు ఇలా మెలికలు తిప్పారని చెప్తారు. దొంగల కాలం పోయినా మెలికలు మిగిలాయి. కమగ్వేలో పుట్టిన పసిపిల్లకి కూడా ఆ ఎడమ సందు గోడకి కొట్టుకుని ఆగిపోతుందని తెలుసు.

వీడు ఈ ఊరివాడు కాడు!

"అయిపోయిందా నాయనా, ఊరు చూడటం?" అంది సందు మొదట్లో నిలబడి.

వాడు గోడకి వీపు ఆనించి రొప్పుతున్నాడు. పాతికేళ్ళుంటాయేమో. చేతుల మీద పచ్చబొట్లు. కాళ్ళకి తళతళలాడే కొత్త బూట్లు. పొగ కొట్టేవాడికి కొత్త బూట్లు!

"దగ్గరకి రావద్దు!"

"వస్తే?"

వాడు బజూకాని గిరగిరా తిప్పి విసిరాడు. ఆమె వంగింది. అది గోడకి తగిలి ఖంగుమంది. మరుక్షణం ఆమె మోకాలు వాడి కడుపులో! వాడు నేలమీద!

"అమ్మా..."

"మీ అమ్మని నేను తర్వాత పలకరిస్తాలే. ముందు ట్యాంకు విప్పు."

"అందులో ఏం లేదక్కా..."

"విప్పరా!"

మూత తిరిగింది. ఆమె టార్చి వేసింది.

డీజిల్.

ఒంపింది. ఇంకా డీజిల్. ఆఖరి బొట్టు దాకా డీజిలే!

మైక్రోస్కోప్ లేదు...

"మరెందుకురా దీన్ని మోసుకుని చచ్చావ్?"

"మెషిన్ పోతే డబ్బు కట్టాలన్నారక్కా! అద్దెకి తెచ్చింది!"

ఇదాల్మిస్‌కి నవ్వాలో, వాణ్ని ఇంకొకటి తన్నాలో తెలియలేదు. తన్నడం సులువు. తన్నింది.

"ఏ ఊర్రా?"

"హవానా."

"అనుకున్నా. పేరు?"

"యోస్వెల్."

"మరెందుకు పరుగెత్తావ్, యోస్వెల్? ట్యాంకులో ఏం లేనప్పుడు?"

"పని చెప్పినాయనే పరుగెత్తమన్నాడు! ఫోన్లో మాట్లాడాడు, మనిషిని నేను చూళ్ళేదు. పొగ పెట్టు, పోలీసులు రాగానే పరుగెత్తు, ఎంత దూరం పోతే అంత మంచిది అన్నాడు. దొరికితే మాత్రం ఏముంది, నీ దగ్గరేం ఉండదుగా అన్నాడు. ఇంకా... మందు కలపొద్దన్నాడు."

"ఏ మందు?"

"దోమల మందు. ఉత్త డీజిల్ పొగే చాలన్నాడు. లోపల మనిషి ఉండాలిగా!"

ఇదాల్మిస్ చెయ్యి వాడి కాలర్ మీద బిగుసుకుంది.

"ఏ మనిషి?"

"నాకేం తెలుసు? పొగలో నా చెయ్యి నాకే కనపళ్ళా."

"కాపలా ముసలాయన్ని చూశావా?"

"చూశా. పొగ పెట్టకముందు కుర్చీ తెచ్చుకుని బయట వేసుకున్నాడు. కూర్చోబోయి, అయ్యో అని మళ్ళీ లోపలికి పరిగెత్తాడు. చేతిలో గుడ్డ ఉంది. ఏందిది తాతా అంటే, మైక్రోస్కోప్‌కి కప్పాలి, పొగకి అద్దం మసకబారిపోద్ది అన్నాడు."

"బయటికొచ్చాడా?"

వాడు తల దించుకున్నాడు.

"రాలేదక్కా."

నాన్నకి ఉబ్బసం! పొగ రోజున అందరికంటే ముందు బయటపడేది ఆయనే. అలాంటిది ఒక గాజు ముక్కకి దుప్పటి కప్పడానికి ఆ పొగలోకి పోయాడా?

పోతాడు. ఆ పిచ్చిమారాజు తప్పకుండా పోతాడు!

సార్జెంట్ విల్బెర్ అప్పుడు చేరాడు సందులోకి, పొట్ట పట్టుకుని, చెమటలు కక్కుతూ.

"వచ్చారా సార్? వీణ్ని చూస్తూ కూర్చోండి. అది కూడా కష్టమనిపిస్తే పడుకోండి."

బజూకా భుజానికి తగిలించుకుని ఆమె వెనక్కి పరుగు తీసింది.

ఎంత దూరం పోతే అంత మంచిది... అన్నాడట!

అంటే ఈ పరుగంతా తనని మ్యూజియం నుంచి దూరంగా లాగడానికే. పిల్లి ముందు దారం ముక్క ఆడించినట్టు ఆడించాడు. తను ఆడింది!

* * *

మ్యూజియం గుమ్మం ముందు ఒక తోలు కుర్చీ గోడకి వాలి ఉంది. కుర్చీ కింద అన్నం డబ్బా. మూత కూడా తీయలేదు.

నాన్న కుర్చీ.

దాని పక్కనే ఎదురింటి తొమాసా, విసనకర్రతో. ఆమె వయసు ఎవరికీ తెలియదు. వీధిలో ఎవరెప్పుడు ఏం చేసిందీ ఆమెకి తెలుసు.

"తొమాసా పిన్నీ! నాన్న బయటికి రావడం చూశావా?"

"రాలేదు తల్లీ. నా కళ్ళు ఈ తలుపు మీదే ఉన్నాయి. ఇంకేం పని నాకు? రేషన్లో వచ్చిన బియ్యం ఏరడం మధ్యాహ్నమే అయిపోయింది."

"డైరెక్టరో?"

తొమాసా విసనకర్ర ఆగింది.

"అదే వింత! పొగ మొదలైనప్పుడు ఆయన వీధిలో లేడు. తర్వాత చూస్తే నా పక్కనే నిలబడి దగ్గుతున్నాడు. ఎప్పుడూ కొట్టే సెంటు వాసన కాదే పిల్లా... డీజిల్ వాసన! నేను మొహమాటానికి అడగలేదు."

"నీకు మొహమాటమా?"

"ఏదో అప్పుడప్పుడూ వస్తుంది."

ఇదాల్మిస్ లోపలికి దూకింది.

గోడ మీద డాక్టర్ బారెతో నిలువెత్తు బొమ్మ. తెల్ల గడ్డం, జాలి చూపు. జ్వరం దోమ మురిక్కాలవలో కాదు, మనింట్లో తాగే నీళ్ళలోనే పుడుతుందని ఈ ఊరి బానల మీద వంగి వంగి కనిపెట్టిన మనిషి. అప్పుడు ఊరు ఆయన్ని చూసి నవ్వింది. దోమల పిచ్చోడంది. పిల్లలు వెంటపడి రాళ్ళేశారు. పోయాక మ్యూజియం, రంగు దీపాలు, ఏటా దండలు! పోయినోళ్ళ కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు.

ఆమె మెడ మీద చురుక్కుమంది.

ఛట్!

అరచేతిలో దోమ. ఇంకా నెత్తురు తడి ఆరలేదు.

ఇప్పుడే పొగ కొట్టిన ఇల్లు. దోమల డాక్టర్ మ్యూజియం. ఆయన బొమ్మ కిందే దోమ కుట్టింది! హవానావాడు ఒక్క నిజం చెప్పాడు. మందు కలపలేదు.

"లెఫ్టినెంట్ గారూ! దొరికాడా వాడు?"

డైరెక్టర్ ఎవేలియో రెసియో. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, చేతికి బంగారు వాచీ, నోట్లో ఎప్పుడూ వారసత్వం అనే మాట. గాజు పెట్టెల మీద దుమ్ము తుడవడం ఏనాడూ ఎరగడు. పత్రికవాళ్ళు వస్తే మాత్రం వాటి పక్కన నిలబడతాడు. పైన పటారం, లోన లొటారం!

"వాడు దొరికాడు. మైక్రోస్కోప్ దొరకలేదు."

"అయ్యో! మన వారసత్వం..." కళ్ళు మూసుకున్నాడు. "చెప్పడానికి నాకే బాధగా ఉంది. వెనక గేటు తాళంచెవి మీ నాన్నగారి దగ్గరే ఉంటుంది. గేటు తీసి ఉంది. పెద్దాయన... ఏదో అవసరం వచ్చి ఉంటుంది. మనుషులం కదా."

"మా నాన్న పారిపోయాడంటారు."

"నేనన్లేదు. మీరన్నారు."

"అన్నం డబ్బా వదిలేసి?"

"కంగారులో మర్చిపోయి ఉంటాడు."

"కుర్చీ కూడా వదిలేసి? ఆ కుర్చీ లేకుండా మా నాన్న స్వర్గానికి కూడా పోడు సార్. అక్కడ ఎలాంటి కుర్చీలుంటాయో అని అనుమానం ఆయనకి."

డైరెక్టర్ నవ్వలేదు. వాచీ చూసుకున్నాడు.

అంతలో... వెనక నుంచి ఇంజన్ రొద!

"ఏమిటది?"

"ఏం లేదు. లారీ. మామూలు పని."

ఆమె అప్పటికే పరుగెడుతోంది.

టప్!

కరెంటు పోయింది. ఊరు మొత్తం ఒక్కసారి ఉసూరుమంది. రోజూ పోయేదే, రోజూ తిట్టేదే.

పెరట్లో లారీ హెడ్‌లైట్ల వెలుగు. ఆ వెలుగులో బానలు. గున్న ఏనుగంత లావు మట్టి బానలు. ఈ ఊరికి దేవుడి తర్వాత అవే. తాతల కాలం నుంచీ వాన నీళ్ళు దాచుకున్నవి. బాన నీళ్ళు తాగినవాడు కమగ్వే వదిలి పోడంటారు. పెళ్ళికి బొమ్మ బాన, బహుమతికి వెండి బాన, చచ్చినవాడి సమాధి మీద రాతి బాన!

మూడు బానలుండే పెరట్లో ఇప్పుడు రెండే ఉన్నాయి. మూడోది లారీ మీద ఉంది. తాళ్ళతో కట్టేశారు. మూతి మీద చెక్క మూత, దాని చుట్టూ తెల్లటి ప్లాస్టర్.

ఆ మూడోది ఆమెకి బాగా తెలుసు. నీళ్ళు అడుగంటిన వేసవిలో, చిన్నప్పుడు, అందులోనే దాక్కునేది. నాన్న వెతికి వెతికి వచ్చి బయట నుంచి మూడుసార్లు తట్టేవాడు. లోపల నుంచి తనూ మూడుసార్లు తట్టాలి. అప్పుడే ఆట అయిపోయినట్టు.

"ఎక్కడికిది?"

డ్రైవర్ బీడీ లాంటి చుట్ట ఒకటి నోట్లోంచి తీశాడు. బుగ్గ మీసాలవాడు. మాట మాత్రం అచ్చం ఈ ఊరిదే.

"హవానాకి తల్లీ. మినిస్ట్రీ తోటలో పెడతారట. కానుక."

"కానుక," అన్నాడు వెనకే వచ్చిన డైరెక్టర్, ఆయాసపడుతూ. "పొద్దున్నే నీళ్ళు పారబోయించాం. రేపటికల్లా చేరాలి."

"నీళ్ళు పారబోశారా!" గేటు దగ్గర చేరిన తొమాసా గుండెలు బాదుకుంది. "ట్యాంకరు మొహం చూసి ఎన్నాళ్ళయింది! ఆ నీళ్ళతో వీధంతా స్నానం చేసేవాళ్ళం కదరా పాపిష్టోడా!"

ఆమె వెనక కుర్చీల జనం కూడా లేచి వచ్చారు. కొత్త సినిమా మొదలైందిగా మరి!

ఇదాల్మిస్ లారీ ఎక్కింది. మూత చుట్టూ ఉన్న ప్లాస్టర్ మీద చెయ్యి పెట్టింది.

వెచ్చగా ఉంది.

ప్లాస్టర్ గట్టిపడేటప్పుడే వేడెక్కుతుంది. అంటే పోసి ఎంతోసేపు కాలేదు. తను సందుల్లో హవానావాడి వెనక పడి ఏడుస్తున్నప్పుడు, ఇక్కడ మూత వేశారు!

"మూత ఎప్పుడు వేశారు సార్?"

"మధ్యాహ్నం."

"వెచ్చగా ఉంది."

"ఎండకి."

"మా ఊరి సూర్యుడు మూత ఒక్కదాన్నే కాలుస్తాడా? బాన చల్లగా ఉంది."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. డైరెక్టర్ మొహం మీద చెమట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"చట్టం అది! నీళ్ళు నిలిచే పాత్ర తెరిచి పంపకూడదు. దోమలు!"

"దోమల్ని మీరు బాగా చూసుకుంటున్నారు. ఇందాకే ఒకటి నన్ను పలకరించింది." ఆమె గొంతు మారింది. "మైక్రోస్కోప్ ఇందులో ఉంది. హవానాలో కొనేవాడున్నాడు. కానుక లారీని దారిలో ఏ పోలీసూ ఆపడు. బయటేమో దొంగతనం మా నాన్న నెత్తిన పడుతుంది. మూత తీయించండి."

"వీల్లేదు! మూత తీస్తే అంచు పగులుతుంది. ఇది వారసత్వ సంపద! గీత పడినా జైలే. మీకైనా సరే, నాకైనా సరే. కాగితం తెండి, అప్పుడు తీద్దాం."

"డ్రైవరన్నా, గడ్డపార ఉందా?"

డ్రైవర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు తల్లీ. బాన పగలగొట్టానంటే మా ఆవిడ అన్నం పెట్టదు. మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు."

జనం గొణుగుతున్నారు. బాన పగలగొడతారా! బాననా!

ఇదాల్మిస్ అందరినీ ఒకసారి చూసింది. మనిషి కనపడకుండా పోయి గంట దాటింది. నాన్న ఏమయ్యాడని ఒక్కడు అడగలేదు. మట్టి బానకి గీత పడుతుందేమోనని మాత్రం అందరికీ గుండె దడ! డాక్టర్ బారెతో బతికున్న రోజుల్లో ఆయన మీద రాళ్ళేసింది కూడా ఇలాంటివాళ్ళ తాతలే అయ్యుంటారు.

లారీ దిగింది. పిస్తోలు తీసింది.

మూత ఊడదీయడానికి ఉలి కావాలి, సుత్తి కావాలి, మనసున్న మనిషి కావాలి. పిస్తోలుకి వేలు చాలు.

బాన పొట్టకి గురి పెట్టింది.

"లెఫ్టినెంట్!" డైరెక్టర్ చేతులు చాచి అడ్డం వచ్చాడు. "పిచ్చెక్కిందా? అది రెండు వందల ఏళ్ళ నాటిది! కమగ్వేలో పుట్టినవాళ్ళు ఎవరూ..."

"తప్పుకోండి."

"బాన మీద చెయ్యెత్తరు!"

"తప్పుకోకపోతే మీలోంచే కాలుస్తా."

అప్పుడు...

డైరెక్టర్ మొహంలో ఏదో మారింది. చాచిన చేతులు దిగాయి. కళ్ళు ఒక్కసారి బాన మీదకి, ఆమె వేలి మీదకి, మళ్ళీ బాన మీదకి పోయాయి.

పక్కకి తప్పుకున్నాడు.

"సరే. కాల్చండి."

గాలి కూడా ఆగినట్టయింది.

"కాల్చండి లెఫ్టినెంట్ గారూ! అంత దమ్ముంటే కాల్చండి! ఇంతమంది సాక్షులు. అక్కడే... పొట్ట మధ్యలోనే కొట్టండి. ఏమైనా బాధ్యత మీదే!"

ఇదాల్మిస్ వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

ఆగింది.

రుమాలు నలిగితే విలవిల్లాడే మనిషి ఇతను. అరక్షణం క్రితం దాకా ఆ బాన కోసం ప్రాణమిచ్చేటట్టు నిలబడ్డాడు. ఇప్పుడు కాల్చమంటున్నాడు... చోటు కూడా చూపిస్తున్నాడు!

తూటా తగిలితే మైక్రోస్కోప్ ముక్కలవుతుంది. అమ్ముకోబోయే సరుకు. ఇతనికే నష్టం. అయినా కాల్చమంటున్నాడు.

మైక్రోస్కోప్ కంటే పెద్దది ఏదో తన తూటాకి చావాలి ఇతనికి.

నాన్న గుడ్డ పట్టుకుని లోపలికి పోయాడు... బయటికి రాలేదు...

 

పిస్తోలు కిందకి దించి ఒక్క గంతులో లారీ ఎక్కింది. పిడికిలి బిగించి బాన మీద తట్టింది.

టక్. టక్. టక్.

చెవి ఆనించింది.

ఏమీ లేదు.

లారీ ఇంజన్ గుర్రుమంటోంది. "ఆపండి దాన్ని!" అని అరిచింది. డ్రైవర్ పరిగెత్తి ఆపేశాడు. పెరడంతా చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది.

మళ్ళీ తట్టింది.

టక్. టక్. టక్.

"నాన్నా... ఆట అయిపోయింది నాన్నా..."

లోపల నుంచి... ఎక్కడో అడుగు నుంచి... గోరుతో గీకినట్టు...

టక్.

చాలాసేపటికి...

టక్.

మూడోది రాలేదు!

"నాన్నా!"

బజూకా ఎత్తింది. ఇనుప గొట్టం బాన మెడ మీద దించింది. ఖణేల్! తొమాసా శిలువ గుర్తు వేసుకుంది. ఇంకో దెబ్బ! బీట పడింది. ఇంకో దెబ్బకి గొట్టమే వంగిపోయింది. బాన పగల్లేదు! రెండు వందల ఏళ్ళ మట్టి... ఈ ఊరి మూర్ఖత్వమంత గట్టిది!

"తప్పుకో తల్లీ!"

డ్రైవర్. చేతిలో గడ్డపార.

"మీ ఆవిడ అన్నం పెట్టదుగా?"

"పెట్టకపోతే పస్తుంటా. జరుగు!"

గడ్డపార బీటలోకి దిగింది. బాన మెడ విరిగి లారీ కింద పడి వేయి ముక్కలైంది. జనం నోట ఒక్కటే కేక. ఆ వెంటనే నలుగురు ఎక్కారు, పదిమంది ఎక్కారు. వేళ్ళు కోసుకుపోతున్నా పెంకులు పీకుతున్నారు. ఇంతసేపూ ఏం చేశార్రా మీరంతా!

టార్చి వెలుగు లోపల పడింది.

మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, నుదుటి మీద నెత్తురు ఎండి, పెదాలు నీలంగా... లియోవిహిల్దో. ఒళ్ళో మైక్రోస్కోప్. దానికి గుడ్డ కప్పి ఉంది. చీకట్లో, ఊపిరాడక చచ్చిపోతూ కూడా దానికి గుడ్డ కప్పాడు!

"ఎత్తండి! మెల్లిగా! జేబులో పంపు ఉంటుంది, ఉబ్బసం పంపు, తీయండి!"

పంపు నోట్లో పెట్టింది. నొక్కింది.

ఛాతీ కదల్లేదు.

మళ్ళీ నొక్కింది.

ఖళ్ళున దగ్గు!

ఇదాల్మిస్ అక్కడే లారీ మీద కూలబడింది. తండ్రి తల ఒళ్ళో పెట్టుకుంది. ఏడుస్తోంది. ఊరంతా చూస్తోంది. చూడనీ!

"బుద్ధుందా నీకు? ఆ గాజు ముక్క కోసం... బుద్ధుందా?"

"అద్దం... పగిలిందా?"

"నీ మొహం! పగల్లేదు!"

ముసలాయన కళ్ళు తృప్తిగా మూతపడ్డాయి. మళ్ళీ తెరుచుకున్నాయి. లారీ పక్కన, హెడ్‌లైట్ వెలుగులో, తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు డైరెక్టర్. పారిపోలేదు. వెనక గేటు నిండా తొమాసా, తొమాసా వెనక వీధి.

"ఇది... ఇది పొరపాటు. పెద్దాయన తనంతట తనే... అందులో దిగి..."

"దిగి, పైనుంచి ప్లాస్టర్ కూడా తనే పోసుకున్నాడా?" అంది తొమాసా.

లియోవిహిల్దో చెయ్యెత్తాడు. అందరూ ఊరుకున్నారు. ఆయన ఊపిరి కూడదీసుకుని, డైరెక్టర్ వైపు తిరిగి, రోజూ పలకరించేటంత మర్యాదగా అన్నాడు:

"మూత బాగా వేయించారు సార్. దోమ కూడా దూరలేదు."

ఇదాల్మిస్ తండ్రి తలని డ్రైవర్ ఒడిలోకి మార్చింది. లారీ దిగింది. డైరెక్టర్ ముందు నిలబడింది. అతని చెంప వంక కళ్ళు చికిలించి చూసింది.

"కదలకండి సార్."

"ఎ... ఎందుకు?"

ఛెళ్ళు!

తుపాకీ పేలినట్టు పెరడు మారుమోగింది. ఇస్త్రీ చొక్కా, బంగారు వాచీ, వారసత్వం... అన్నీ కలిసి పెంకుల మీద పడ్డాయి.

"దోమ," అంది ఇదాల్మిస్.

అరచెయ్యి తిప్పి ఎవరికీ చూపించలేదు. ఎవరూ అడగలేదు.